హేవలాక్ స్తంభాలతో మంచు కొలత

రాజమండ్రిలో చలికాలం ఫొటోలు తియ్యాలంటే తెల్లవారకముందే లేవాలి. ధనుర్మాసంలో ఒక ఆదివారం ఐదున్నరకి నేనూ మా బావమరిదీ పుష్కర ఘాట్ దగ్గర మొదలుపెట్టాం. కోటగుమ్మం మీదుగా మెయిన్ రోడ్డు చూసుకుని మళ్ళీ గోదారి గట్టుకి రావాలన్నది ప్లాన్.

గోదారి మీది పాత రైలు వంతెన హేవలాక్ మొదట్లో నిలబడితే దాని స్తంభాలు వరసగా పల్చబడుతూ పోయి, పన్నెండో పదమూడో దాని దగ్గర తెల్లదనంలో కలిసిపోయాయి. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన ఈ వంతెన మంచుని కొలవడానికి మంచి స్కేలు. రెండు స్తంభాల మధ్య దూరం 45 మీటర్ల పైచిలుకు. కిలోమీటరు లోపే చూపు ఆగిపోతే వాతావరణ శాస్త్రం దాన్ని పొగమంచు అంటుంది. అంటే సుమారు 22 స్తంభాలు లెక్కపెట్టలేకపోతే అది పొగమంచే. ఆ రోజు మాకు చూపు ఆనింది ఆరువందల మీటర్లే.

కోటగుమ్మం దాటాక ఒక సందులో రెండు బైకులు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి సన్‌షేడ్ కింద, ఇంకోటి ఆరుబయట. బయట దాని సీటు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత తడి. సన్‌షేడ్ కింద దాని సీటు పొడిగా ఉంది. "మంచు కురిసింది కదా, పైన కప్పుంటే పడదు" అన్నాడు మా బావమరిది. మనందరి నోటా వచ్చే మాటే అది. కానీ మంచు పైనుంచి కురవదు. రాత్రంతా ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా బయటికి పంపుతుంది. మబ్బులేని ఆకాశం తిరిగిచ్చేది తక్కువ, కాబట్టి ఆరుబయట ఉన్న సీటు చుట్టూ గాలికన్నా చల్లబడిపోతుంది. సన్‌షేడ్ మాత్రం తన వేడిని కిందికి పంపుతూ ఉంటుంది, దాని కింద సీటు అంత చల్లబడదు. చల్లబడ్డ సీటుని తాకిన గాలిలోని ఆవిరి అక్కడికక్కడే నీళ్ళవుతుంది. మబ్బు పట్టిన రాత్రి తెల్లారి బైకులు పొడిగా ఉండేది ఇందుకే.

పొగమంచు కూడా ఇదే పని, పెద్ద ఎత్తున. నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని ఆవిరి దుమ్ము, పొగ రేణువుల చుట్టూ చేరి సన్నని బొట్లవుతుంది. గాలి కదలకూడదు, తేమ దండిగా ఉండాలి. డెల్టాలో తేమకేం కొదవ? ఇటు గోదారి, అటు నిండుగా పారే కాలవలు, దాళ్వా (రెండో పంట వరి) కోసం తడిపిన నారుమళ్ళు. భోగి రోజు మంటల పొగ తోడైతే బొట్టు కట్టడానికి రేణువులు ఇంకా ఎక్కువ.

మెయిన్ రోడ్డు మొదట్లో ఒక టీ బండి దగ్గర ఆగాం. నాకు బాగా నచ్చిన ఫొటో అక్కడిదే. పాలగిన్నె మీద లేచే ఆవిరి తెల్లగా ఉంది. పక్కన పెద్దాయన వేళ్ళ మధ్య కాలుతున్న బీడీ పొగ, మూసి ఉన్న నల్ల షట్టర్ ముందు నీలంగా కనిపించింది. ఆవిరి బొట్లు కాంతి తరంగాలకన్నా ఎన్నో రెట్లు పెద్దవి, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి, అందుకే తెలుపు. బీడీ పొగ రేణువులు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) చిన్న వంతు, అవి నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. అదే పెద్దాయన నోట్లోంచి వదిలిన పొగ మాత్రం తెల్లబడింది. లోపలి తడికి రేణువులు ఉబ్బాయి మరి.

"పొగని తీస్తారేంటి బాబూ, మొకం తియ్యండి" అన్నాడాయన నవ్వుతూ. తీద్దామని దగ్గరికి వంగేసరికి లెన్స్ మసకబారింది. గంట నుంచి చలిలో తిరిగిన గాజు, పైకి లేస్తున్న ఆవిరి. ఆ బైకు సీటు కథే. తుడిస్తే మళ్ళీ పడుతుంది, రెండు నిమిషాలు ఆగితే గాజు వేడెక్కి అదే పోతుంది. ఆగి తీశాం.

మంచులో కెమెరాని దాని ఇష్టానికి వదిలేయకూడదు. తెల్లటి దృశ్యాన్ని అది బూడిద రంగు వైపు లాగుతుంది, ఫొటో మురికిగా వస్తుంది. వెలుగు ఒక మెట్టు పెంచాలి. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. ఎదురుగా ఉన్న బొట్లు ఆ కాంతిని వెనక్కి మన మీదికే విసురుతాయి, తెల్లగోడ ఒకటే మిగులుతుంది. రాత్రి మంచులో బండి నడిపేవాళ్ళు హైబీమ్ ఎందుకు వెయ్యకూడదో కూడా ఇదే చెబుతుంది. దయచేసి వెయ్యకండి.

ఏడు దాటాక ఎండ వచ్చింది. డిసెంబరు చివర్లో ఇక్కడ సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా పాతిక డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు, మధ్యాహ్నమైనా 50 డిగ్రీల ఎత్తు దాటడు. మే రెండో వారం నాటికి నడినెత్తి మీదుంటాడు. చలికాలంలో రోజంతా నీడలు పొడుగ్గా, మనుషుల ముఖాల మీద వెలుగు పక్కనుంచి పడేది అందుకే. ఎండకి ముందు నేల వేడెక్కుతుంది కాబట్టి మంచు కిందనుంచి విడిపోతుంది. షట్టర్లు ఎత్తే కుర్రాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నారు, పై అంతస్తు బోర్డులు ఇంకా మసకే.

ఎనిమిదిన్నరకి మళ్ళీ గట్టుకి వచ్చాం. మా బావమరిది వేలు చూపిస్తూ స్తంభాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఇరవై రెండు దాటింది, నలభై దాటింది, ఆ చివర కొవ్వూరు గట్టు మీద చెట్లు కూడా కనిపించాయి.