కెల్మ్‌స్కాట్ నుంచి లండన్ అండర్‌గ్రౌండ్ దాకా: అచ్చుపుటను మార్చిన హస్తకళా ఉద్యమం

అక్షరాలు గీయడం, పుటను కూర్చడం మనిషి చేయవలసిన పనా, యంత్రానికి వదిలేయదగిన పనా అన్న వాదన కృత్రిమ మేధ రాకతో మళ్లీ మొదలైంది. ఇందులో తరచు సాక్ష్యానికి వచ్చే ఉద్యమం, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్. దాన్ని యంత్రాల మీద తిరుగుబాటుగా చెప్పుకోవడం రివాజు. అచ్చు విషయంలో మాత్రం కథ అంత సూటిగా నడవలేదు.

పనిని ముక్కలు చేస్తే పనివాడే ముక్కలవుతాడని 1853లో కళావిమర్శకుడు జాన్ రస్కిన్ రాసిన మాటలు కవి, డిజైనరు, సోషలిస్టు అయిన విలియం మోరిస్ తరాన్ని కదిలించాయి. మోరిస్ 1861లో మిత్రులతో కలిసి సంస్థ పెట్టి కుర్చీలు, గోడకాగితాలు, అద్దకపు బట్టలు తయారుచేయించాడు. అచ్చుపని వైపు ఆయన మళ్లింది చాలా ఆలస్యంగా.

1888 నవంబరు 15న లండన్‌లో, ఉద్యమం పేరునే పెట్టుకున్న ప్రదర్శన సంఘం వేదిక మీద, ముద్రణ నిపుణుడు ఎమరీ వాకర్ అచ్చుకళ గురించి ప్రసంగించాడు. పదిహేనో శతాబ్దపు పుస్తకాల పుటలను లాంతరు స్లైడ్ల మీద పెద్దవి చేసి తెర మీద చూపాడు. అది చూసిన మోరిస్ సొంత టైపు (అచ్చుకు వాడే లోహపు అక్షరాల సెట్టు) చేయాలని నిశ్చయించుకున్నాడు. నికొలా జెన్సన్ 1476లో వెనిస్‌లో అచ్చువేసిన ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ గ్రంథపు అక్షరాలను ఫోటోలు తీయించి, పెద్దవి చేయించి, వాటి పోకడ చేతికి పట్టుబడేదాకా మీదనుంచి గీసి, ఆ తర్వాత తనకు తోచినట్టు మళ్లీ గీశాడు. అలా తయారైనదే గోల్డెన్ టైపు. చేతిపనికి పట్టం కట్టిన మోరిస్ ముద్రణాలయపు తొలి టైపు కెమెరా సాయంతో పుట్టిందన్న సంగతిని ఉద్యమాభిమానులు అంతగా ఎత్తరు.

1891లో హామర్‌స్మిత్‌లో మొదలైన కెల్మ్‌స్కాట్ ప్రెస్ అనే ఆ ముద్రణాలయం 1898లో మూతపడేలోగా 53 పుస్తకాలు తెచ్చింది. చేతితో చేసిన కాగితం, చేతితో లాగే ఇనుప ప్రెస్సు, నల్లని చిక్కటి సిరా దాని సరంజామా. వీటికన్నా నిలిచినవి మోరిస్ పాటించిన నియమాలు. ఎదురెదురు పుటలు రెండూ కలిస్తేనే ఒక ప్రమాణం. మాటల మధ్య ఎడం అవసరానికి మించకూడదు. మార్జిన్ లోపలివైపు అన్నిటికన్నా సన్నగా ఉండి, పైన, బయటివైపు, కింద వరుసగా పెరగాలి. 1896లో వెలువడిన మధ్యయుగపు ఆంగ్ల కవి చాసర్ రచనల సంపుటంలో చిత్రకారుడు బర్న్-జోన్స్ బొమ్మలు 87. కాగితం మీద వేసిన ప్రతులు 425, తోలు మీద 13. కాగితపు ప్రతి ధర 20 పౌండ్లు. సోషలిస్టు వేసిన పుస్తకాన్ని శ్రామికుడు కొనలేకపోయాడన్న విమర్శ న్యాయమైనదే.

తన టైపును మోరిస్ అమ్మనన్నా, దాన్ని పోలిన టైపును 1893లోనే అమెరికన్ టైప్ ఫౌండర్స్ అనే టైపుల తయారీ కంపెనీ జెన్సన్ పేరుతో బజారులో పెట్టింది. మోరిస్ పోయాక కెల్మ్‌స్కాట్ ప్రెస్సులను వాస్తుశిల్పి ఆష్బీ పెట్టిన చేతిపనివారి సంఘం తీసుకుంది; సింహళ మధ్యయుగ కళ మీద ఆనంద కుమారస్వామి రాసిన గ్రంథం 1908లో ఆ సరంజామా మీదే అచ్చయి వచ్చింది.

గ్రాఫిక్ డిజైన్‌కు అసలు వారసత్వం ఎడ్వర్డ్ జాన్స్టన్ ద్వారా వచ్చిందని నా అభిప్రాయం. పాత రాతప్రతులను చూసి వెడల్పు పాళీ కలం పట్టడం నేర్చుకున్న జాన్స్టన్, 1899 నుంచి లండన్ సెంట్రల్ స్కూల్లో అక్షరలేఖనం నేర్పాడు. లండన్ భూగర్భ రైళ్ల సంస్థ అధికారి ఫ్రాంక్ పిక్ కోరిక మీద ఆ రైళ్ల కోసం ఆయన గీసిన అక్షరాలు 1916లో వాడుకలోకి వచ్చాయి. వాటికి అలంకారం లేదు, కొసల్లో కొక్కేలు లేవు. అయితే పెద్దక్షరాల కొలతలు ప్రాచీన రోమన్ శాసనాలవి. చిన్న ‘ఐ’, ‘జె’ల మీద చుక్క గుండ్రంగా కాక, పాళీ ఏటవాలుగా ఆనిస్తే పడే వజ్రాకారంలో ఉంటుంది. జాన్స్టన్ శిష్యుడు ఎరిక్ గిల్ గీసిన గిల్ సాన్స్‌ను 1928లో అక్షరాలు కూర్చే యంత్రాల కంపెనీ మోనోటైప్ విడుదల చేసింది. చేతి కలం కొలతలు అలా యంత్రపు కంపోజింగ్‌లోకి చేరాయి.

జాన్స్టన్ అక్షరాలను 2016లో అదే మోనోటైప్ సవరించి, ఆయన కాలంలో అవసరపడని హ్యాష్‌ట్యాగ్ గుర్తును వాటికి చేర్చింది. వజ్రపు చుక్కను మాత్రం అలాగే ఉంచింది.