ఒకే పద్యంతో పునశ్చరణ

పిల్లలూ,

పరీక్షలు దగ్గర పడగానే ఇంగ్లిష్ గ్రామర్‌కి ఒక రోజు, అలంకారాలకి ఒక రోజు, పద్యాల సారాంశాలకి ఇంకో రోజు అని పంచుకుంటారు. అలా విడదీస్తే మూడూ బట్టీగానే మిగులుతాయి. మంచి పద్యం ఒకటి తీసుకుని మూడూ అందులోనే చూడండి. ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పూల మీద రాసిన పద్యం ఇందుకు బాగా పనికొస్తుంది. ఆరేసి పాదాల చరణాలు నాలుగే.

రెండుసార్లు పైకి చదివాక, పెన్సిల్‌తో క్రియల కింద గీతలు గీయండి. మొదటి చరణంలో 'వాండర్డ్', 'సా' భూతకాలం, మధ్యలో 'ఫ్లోట్స్' మాత్రం వర్తమానం. కవి తిరిగింది ఆ ఒక్క రోజు, మబ్బు తేలడం ఎప్పుడూ ఉండేదే. మూడో చరణంలో 'లిటిల్ థాట్' దగ్గర చాలామంది 'కొంచెం ఆలోచించాను' అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. ముందు 'ఎ' లేదు చూడండి. 'ఆ సంగతి నాకు తట్టనేలేదు' అని దాని అర్థం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'డాన్స్' మాట. నాలుగు చరణాల్లోనూ వస్తుంది, ఒక్కోచోట ఒక్కో రూపంలో: 'డాన్సింగ్' పార్టిసిపుల్, 'డాన్స్' నామవాచకం, 'డాన్స్‌డ్' భూతకాల క్రియ, చివర 'డాన్సెస్'. ఆఖరిదాని కర్త 'మై హార్ట్', ఏకవచనం కాబట్టి అలా మారింది. మొదట ఆడేవి పూలు, తర్వాత అలలు, చివరికి కవి గుండె! గ్రామర్ గుర్తిస్తూ పోతే పద్యం నడకే తెలిసిపోతుంది.

అలంకారం పేరు ఒక్కటే రాస్తే జవాబు సగమే. 'లోన్లీ యాజ్ ఎ క్లౌడ్'ను తెలుగు క్లాసులో ఉపమను విడదీసినట్టే విడదీయండి: ఉపమేయం కవి, ఉపమానం మబ్బు, సమానధర్మం ఒంటరితనం, ఉపమావాచకం 'యాజ్'. 'క్రౌడ్' దగ్గర 'యాజ్', 'లైక్' లేవు కాబట్టి అది సిమిలీ (ఉపమ) కాదు. మనుషులకు వాడే మాటను పూలకు వాడాడు, పర్సోనిఫికేషన్ అని రాయండి.

1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలను చూసినప్పుడు కవి ఒంటరిగా లేడు, పక్కన చెల్లెలు డొరతీ ఉంది. పూలు ఆడాయని ఆమె డైరీలోనూ ఉంది. అందుకే జవాబులో 'కవి ఒంటరిగా వెళ్లాడు' అనకండి, 'స్పీకర్' అనండి, అంటే పద్యంలో 'నేను' అని మాట్లాడే వ్యక్తి. 1807లో అచ్చయినప్పుడు చరణాలు మూడే. నక్షత్రాల చరణం 1815లో చేరింది. పాత ప్రతి దొరికితే కంగారుపడకండి.

చివరగా అన్వయం. 'టెన్ థౌజండ్ సా ఐ'ని వచనంలో పెడితే 'ఐ సా టెన్ థౌజండ్' అవుతుంది. ఆఖరి చరణమంతా ఇలాగే మీరు రాయండి. 'ఆన్ మై కౌచ్ ఐ లై'తో మొదలుపెట్టండి. ఆ 'లై'కి భూతకాలం 'లే', 'లైడ్' కాదు.

మీ తాతయ్య