కొత్త ఆన్‌లైన్ గేమ్ కోసం ఎదురుచూస్తున్నారా? క్యారెక్టర్ కస్టమైజేషన్: అపోహలు - వాస్తవాలు

నేను గేమ్ క్యారెక్టర్లు తయారుచేసే ఆర్టిస్టుని. విజయవాడలో ఉంటూ బయటి స్టూడియోలకి శరీరాలు, బట్టలు, జుట్టు మోడల్ చేసి పంపుతుంటాను. పెద్ద ఆన్‌లైన్ గేమ్ ఏదైనా వస్తోందని తెలిస్తే చాలు, బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో కలిసే కుర్రాళ్ల నుంచి గుంటూరు బ్రాడీపేటలో మా బంధువుల పిల్లల దాకా అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఇందులో క్యారెక్టర్‌ని మనకి నచ్చినట్టు పూర్తిగా మార్చుకోవచ్చంట కదా?"

ఆ ఉత్సాహం నాకూ ఉంది. ముక్కు తీరు, జుట్టు, కాలికి వేసుకునే చెప్పులు, బండి మీద బొమ్మ అన్నీ మనమే ఎంచుకుని, ఆ రూపంతో వందమంది మధ్యకి వెళ్లడంలో ఉన్న సంతోషం వేరు. కానీ ట్రైలర్లు చూసి మనవాళ్లు పెంచుకునే కొన్ని నమ్మకాలు తర్వాత నిరాశకి, ఒక్కోసారి డబ్బు నష్టానికి దారితీస్తున్నాయి. రోజూ ఈ పని చేసేవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: "లక్షల రూపాలు" అని ప్రకటించారంటే లక్షల పని చేసినట్టే.

లెక్క వేసి చూడండి. 8 రకాల శరీరాలు, 50 చొక్కాలు, 30 ప్యాంట్లు, 20 జతల బూట్లు అనుకుందాం. ఆర్టిస్టులు తయారుచేసింది నూరు వస్తువులు, ఎనిమిది శరీరాలు. వాటిని ఒకదానితో ఒకటి కలిపితే 2 లక్షల 40 వేల రూపాలు వచ్చేస్తాయి. ప్రకటనలో కనిపించేది ఈ రెండో అంకె. అది అబద్ధం కాదు, కానీ కస్టమైజేషన్ ఎంత లోతుగా ఉందో దాన్నిబట్టి తెలియదు.

అసలు పని ఆ కలయికల దగ్గరే మొదలవుతుంది. పొట్ట స్లైడర్ (పక్కకి లాగి సైజు మార్చే మీట) పెంచితే దాని మీదున్న చొక్కా కూడా అంతే పెరగాలి. లేకపోతే చొక్కాలోంచి చర్మం పొడుచుకొస్తుంది. దీన్నే మేం క్లిప్పింగ్ అంటాం. చొక్కా మీద జాకెట్, జాకెట్ మీద బ్యాగు వేస్తే మూడు పొరలూ ఒకదాన్ని ఒకటి చీల్చుకోకుండా ఉండాలి. చాలా గేముల్లో పై బట్ట వేయగానే లోపలి శరీర భాగాన్ని మాయం చేసేస్తారు. అది తెలివైన పద్ధతే, నేనూ వాడతాను. మెడ దగ్గర గుండీ తీసి ఉన్న చొక్కా వేసినప్పుడు మాత్రం ఎంతవరకు మాయం చేయాలో చేత్తో గీసుకోవాలి. కాబట్టి ఎన్ని స్లైడర్లు ఇచ్చారని కాకుండా, స్లైడర్‌ని చివరిదాకా లాగినా బట్ట సరిగ్గా ఉంటోందా అని చూడండి.

అపోహ: చీర, పంచె పెట్టడానికి ఏముంది? ఒక స్కిన్ (పైన తొడిగే రూపం) వేస్తే అయిపోతుంది.

ఇది నాకు బాగా దగ్గరి విషయం, కొంచెం ఎక్కువ రాస్తాను.

ప్యాంటు రెండు కాళ్లకీ విడివిడిగా అతుక్కుని ఉంటుంది. కాలు కదిలితే అదీ కదులుతుంది. చీర అలా కాదు. నడుము కింద అంతా ఒకే బట్ట, లోపల రెండు కాళ్లు. క్యారెక్టర్ పరుగెత్తగానే ముందు మోకాలు కుచ్చిళ్లని చీల్చుకుని బయటికొస్తుంది. దాన్ని ఆపడానికి నడుము చుట్టూ పాదాల దాకా కనిపించని ఎముకల (మోడల్‌ని లోపలి నుంచి కదిలించే కీళ్ల) వరసలు వేసి, కాలు ముందుకొచ్చినప్పుడు ఆ వైపు వరస కూడా లేచేలా కట్టాలి. అప్పుడు మోకాలు దాగుతుంది కానీ కుచ్చిళ్లు సాగిపోయి రబ్బరు గొట్టంలా కనిపిస్తాయి. మడతలు మడతలుగానే ఉండాలంటే పరుగు, గెంతు, కూర్చోవడం, ఇలా ఒక్కో భంగిమకీ ఒక్కో సవరణ ఆకారం విడిగా చెక్కాలి.

ఇక పైటచెంగు. సినిమా యానిమేషన్‌లో అయితే బట్టని నిజంగా బట్టలాగే లెక్కగట్టి గాలికి ఎగరేస్తారు. ఒక్కో ఫ్రేముకి (వరసగా చూపించే ఒక్కో బొమ్మకి) నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. ఆన్‌లైన్ గేములో సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు. అందులోనే తెరమీదున్న అందరి చెంగులూ ఊగాలి. అందుకే నాలుగైదు ఎముకల గొలుసు వేసి, స్ప్రింగులా ఊగేలా సర్దుతాం. ఆ చెంగు భుజానికి తగిలించిన తుపాకీలోంచి దూరిపోకుండా చూడటం ఇంకో పని. కుడిచేత్తో గురిపెట్టే భంగిమలో ఎడమ భుజం మీది పైట ఎటు పోవాలో తేల్చడానికే ఒక్కోసారి పూటంతా పడుతుంది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మన బట్టలు గేముల్లో తక్కువగా కనిపించడానికి నిర్లక్ష్యం ఒక కారణమైతే, ఈ పని బరువు ఇంకో కారణం. ప్యాంటు, చొక్కాలకి ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్న ఎముకల అమరికలు చీరకి లేవు. చేసేవాళ్లు పెరిగితే వస్తాయి. వడ్డేశ్వరం, అమరావతి వైపు కాలేజీల్లో చదువుతూ త్రీడీ నేర్చుకుంటున్న పిల్లలు ఎంచుకోదగ్గ పని ఇది. నేర్చుకోవడానికి అవసరమైన బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

అపోహ: కస్టమైజేషన్ ఎక్కువైతే నెట్ మీద భారం పడి ల్యాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) వస్తుంది.

మీ క్యారెక్టర్ బొమ్మ నెట్‌లో అటూ ఇటూ తిరగదు. బట్టలు, జుట్టు, ముఖాలు అన్నీ ముందే అందరి ఫోన్లలో, కంప్యూటర్లలో డౌన్‌లోడ్ అయి ఉంటాయి. సర్వర్ పంపేది అంకెలు మాత్రమే: ముక్కు స్లైడర్ ఎంత, చొక్కా నంబరెంత, రంగేది. వంద స్లైడర్లు ఉన్నా, ఒక్కోదానికి ఒక బైట్ చొప్పున వంద బైట్లు. బట్టల నంబర్లు కలిపి రెండొందలు అనుకుందాం. వందమంది రూపాలు కలిపినా 20 కిలోబైట్లు. ఫోన్‌లో తీసిన ఒక మామూలు ఫొటో దీనికి వంద రెట్లు ఉంటుంది. అదీ ఒకసారి పంపితే చాలు.

భారం పడేది మీ చేతిలో ఉన్న ఫోన్ మీద, గ్రాఫిక్స్ కార్డు మీద. వందమందికి వంద రకాల బట్టలుంటే వాటన్నిటినీ మెమరీలోకి తెచ్చి గీయాలి. దీనికి మా రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్. 2010 సెప్టెంబరులో విడుదలై దెబ్బతింది. 2012లో దాన్ని ఆపేసి, మళ్లీ కట్టి 2013 ఆగస్టులో తెచ్చారు. తిరిగి నిలబెట్టిన నవోకి యోషిదా తర్వాత చెప్పిన సంగతి ఏమిటంటే, పాత ఆటలో ఒక పూలకుండీకి ఆటగాడి క్యారెక్టర్‌కి పెట్టినంత వివరం పెట్టారు, వెయ్యి పాలిగన్లు (మోడల్‌ని కట్టే చిన్న పలకలు), 150 లైన్ల షేడర్ కోడ్ (వెలుగు, రంగు గీసే ప్రోగ్రాము). తెరమీద మనుషులకి కేటాయించాల్సిన శక్తి ఇలాంటి వస్తువులకి పోయింది. ట్రైలర్‌లో ఇద్దరు ముగ్గురు క్యారెక్టర్లు దగ్గరగా మెరిసిపోతుంటే నాకు ఈ పూలకుండీయే గుర్తొస్తుంది. యాభైమంది ఒకచోట చేరినప్పుడు ఎలా ఉంటుందో ఎక్కడా చూపించకపోతే తొందరపడకండి.

మన ఊళ్లో ల్యాగ్ అని తిట్టుకునేదానికి చాలాసార్లు కారణం సర్వర్ దూరం. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. విజయవాడ నుంచి ముంబై నేరుగా దాదాపు 900 కిలోమీటర్లు, సింగపూర్ దాదాపు 3,000. వెళ్లి రావడానికి ముంబై అయితే కనీసం 9 మిల్లీసెకన్లు, సింగపూర్ అయితే 30. కేబుల్ నేరుగా ఉండదు, మధ్యలో ఆగుతూ వెళ్తుంది కాబట్టి మనకి కనిపించే పింగ్ (వెళ్లి వచ్చే సమయం) దీనికంటే బాగా ఎక్కువే ఉంటుంది. కొత్త గేమ్ వస్తోందంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఇండియాలో సర్వర్ పెడుతున్నారా?

అపోహ: కస్టమైజేషన్ అదిరిపోతే గేమ్ హిట్టే.

ఏపీబీ అనే గేమ్ 2010లో వచ్చింది. స్కాట్లాండ్‌లోని డండీలో రియల్‌టైమ్ వరల్డ్స్ అనే స్టూడియో చేసింది. ముఖం, బట్టలు, కారు, పచ్చబొట్లు, చివరికి ఎదుటివాణ్ణి చంపినప్పుడు వినిపించే చిన్న ట్యూన్ కూడా ఆటగాడే తయారుచేసుకోవచ్చు. అంత లోతైన కస్టమైజేషన్ ఆ రోజుల్లో ఇంకో ఆన్‌లైన్ గేములో లేదనే అంటాను. కానీ కాల్పులు, డ్రైవింగ్ జనానికి ఎక్కలేదు. మూడు నెలలు నిండకుండానే, సెప్టెంబరు 16న సర్వర్లు ఆపేశారు. తర్వాత వేరే కంపెనీ కొని ఉచిత గేముగా మళ్లీ తెచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి రస్ట్ అనే ఆన్‌లైన్ గేముది. అందులో మీ ఒంటిరంగు, ఆడా మగా అనేది మీ స్టీమ్ (గేములు కొనే ఆన్‌లైన్ స్టోరు) ఖాతాని బట్టి గేమే నిర్ణయిస్తుంది, మార్చుకునే వీల్లేదు. అయినా ఏళ్ల తరబడి జనం ఆడుతూనే ఉన్నారు.

అలాగని రూపానికి విలువ లేదని కాదు. 2004లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్‌లో కాస్ట్యూములు కట్టుకోవడమే సగం ఆట. 2012 నవంబరులో దాన్ని మూసేశాక కూడా అభిమానులు వదల్లేదు. వాళ్లు నడుపుతున్న సర్వర్‌కి 2024లో హక్కులున్న కంపెనీయే అధికారికంగా లైసెన్సు ఇచ్చింది. తాము తీర్చిదిద్దుకున్న క్యారెక్టర్ మీద మమకారం అంత గట్టిది. ఆ మాట ఈ పని చేసే నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

అపోహ: డబ్బు పెట్టి కొన్న స్కిన్ ఎప్పటికీ మనదే.

కాదు. వాడుకునే అనుమతి మాత్రమే మనది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని ప్రభుత్వం నిషేధించినప్పుడు ఈ సంగతి మన పిల్లలకి బాగా తెలిసొచ్చింది.

అపోహ: పొడుగ్గా, లావుగా చేసుకుంటే ఫైట్‌లో తేడా వస్తుంది.

పోటీ గేముల్లో చాలావరకు అందరికీ హిట్‌బాక్స్ (దెబ్బ తగిలే హద్దు) ఒకటే. ఒంటి ఆకారం పైపై తొడుగు మాత్రమే. కానీ రంగు విషయంలో జాగ్రత్త, ముదురు బట్టలు నీడలో కలిసిపోవడం నిజంగానే లాభిస్తుంది.

అపోహ: విడుదల వాయిదా పడితే గేమ్ పాడైనట్టే. లేదా, వాయిదా పడితే ఇంకా బాగా వస్తుంది.

రెండూ నమ్మకండి. సైబర్‌పంక్ 2077ని 2020లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకి, అక్కణ్ణుంచి నవంబరుకి, చివరికి డిసెంబరు 10కి జరిపారు. అయినా తప్పులతోనే వచ్చింది, వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ స్టోరు నుంచి తీసేశారు. తర్వాత కొన్నేళ్ల అప్‌డేట్లతో మంచి పేరు తెచ్చుకుంది. జీటీఏ 6ని మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26, ఆ తర్వాత 2026 నవంబరు 19 అని ప్రకటించారు. తేదీ మారిందని బెంగపడొద్దు, ముందే డబ్బు కట్టి కూర్చోవద్దు.

అపోహ: బీటా (విడుదలకి ముందు పరీక్ష కోసం ఇచ్చే గేమ్) లింకు మా గ్రూపులో వచ్చింది, ఫోన్‌లో వేసుకోవచ్చు.

దయచేసి వేసుకోకండి. జీటీఏ 6ని ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌ల కోసం మాత్రమే. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో దాని పేరుతో తిరిగే "మొబైల్ బీటా ఏపీకే" (ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైలు) ఏదైనా మోసమే. ఎస్ఎంఎస్ అనుమతి అడిగిందంటే ఓటీపీల కోసమే. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్‌లో వేస్తే వాళ్ల బ్యాంకు ఖాతాకే ఎసరు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అపోహ: కొత్త చట్టంతో ఆన్‌లైన్ గేములన్నీ బంద్.

2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని. ఈ-స్పోర్ట్స్‌ని, మామూలు ఆన్‌లైన్ ఆటల్ని అదే చట్టం ప్రోత్సహిస్తుంది. తల్లిదండ్రులకి ఈ తేడా చెప్పండి.

అపోహ: బీటా అంటే అందరికంటే ముందు ఆడుకునే అవకాశం.

బీటాలో చేరినప్పుడు మీరు చేసే పరీక్ష మాకు నిజంగా పనికొస్తుంది. ప్రతి స్లైడర్‌నీ రెండు చివర్లకీ లాగండి. ఆ రూపంతో పరుగెత్తండి, కూర్చోండి, నిచ్చెనెక్కండి. జనం ఎక్కువున్న చోట నిలబడి ఫ్రేములు ఎంత పడిపోతున్నాయో చూడండి. మన ఒంటిరంగు పగటి వెలుతురులో, దీపాల కింద, రెండుచోట్లా సహజంగా ఉందో లేదో గమనించండి. బూడిదరంగులోకి మారిపోతుంటే తప్పకుండా రాయండి. తప్పు దొరికితే "బట్టలు బాలేవు" అని వదిలేయకుండా, ఏ శరీరం, ఏ చొక్కా, ఏ కదలిక, ఏ ఫోన్ అన్నది స్క్రీన్‌షాట్‌తో పంపండి. అలాంటి రిపోర్టు వచ్చిన రోజు ఆ తప్పుని మేం పదినిమిషాల్లో మా దగ్గర తిరిగి పుట్టించి చూడగలుగుతాం. తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఆ నాలుగు వివరాలూ, బొమ్మా ఉంటే చాలు.