రోడ్డు మునిసిపాలిటీది, తీగ కేంద్రానిది

నెట్ రావడం లేదని ఒకరు, రోడ్డు మీద బండి జారి పడ్డామని ఇంకొకరు వార్డు కౌన్సిలర్ దగ్గరికి వస్తారు. చాలా వార్డుల్లో ఈ రెండు ఫిర్యాదులూ ఒకే గుంత దగ్గర కలుస్తాయి. కేబుల్ కోసం రోడ్డు తవ్వుతారు, అరకొరగా పూడ్చి వెళ్లిపోతారు. అడిగితే 'టెలికాం మా పరిధి కాదు' అనే జవాబు వస్తుంది. అది సగమే నిజం.

టెలికాం రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పట్టణ సంస్థల కోసం 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు చేర్చింది. వాటిలో రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు ఉన్నాయి, టెలికాం లేదు. కానీ తీగ వెళ్లేది రోడ్డు కిందే కదా. అందుకే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే స్థానిక సంస్థ ఆస్తిలో లైను వేయడానికి ఆ సంస్థ అనుమతి ఉండాలంది. ఖర్చు ఎవరు భరించాలి, పని ఎప్పుడు, ఎలా చేయాలి అన్నవాటిపై షరతులు పెట్టే అధికారాన్నీ ఇచ్చింది.

ఆ అధికారాన్ని ఒక్కో మునిసిపాలిటీ ఒక్కోలా వాడింది. రుసుములకు ఒక లెక్కంటూ లేకపోయింది, ఫైళ్లు నెలల తరబడి కదలలేదు. అందుకే 2016 నవంబర్‌లో కేంద్రం రైట్ ఆఫ్ వే (తీగ వేసుకోవడానికి దారి హక్కు) నిబంధనలు తెచ్చింది. భూగర్భ కేబుల్‌కు పరిపాలనా రుసుము కిలోమీటరుకు 1,000 రూపాయలు మించకూడదంది. 60 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అంది. అంటే ఫైలు నానబెట్టిన మునిసిపాలిటీ కేబుల్‌ను ఆపలేదు సరికదా, షరతులు పెట్టే అవకాశాన్నే పోగొట్టుకుంది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద వచ్చిన కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి వీటి స్థానంలో అమలవుతున్నాయి.

ఇంతకీ గుంత ఎందుకు పడుతుంది? ఆప్టికల్ ఫైబర్‌ను 40 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టంలో దూర్చి వేస్తారు. ప్రామాణిక కందకం లోతు 165 సెంటీమీటర్లు. తవ్విన మట్టిని 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి, తడిపి, ఒక్కో పొరనూ కంపాక్టర్‌తో దిమ్మిస్తేనే అది గట్టిపడుతుంది. జరిగేది వేరు. రాత్రికి రాత్రి మట్టంతా ఒకేసారి లోపలికి నెట్టి, పైన నాలుగు తట్టల కాంక్రీటు పోస్తారు. మొదటి పెద్ద వానకు లోపలి మట్టి దిగిపోతుంది. నల్లరేగడి నేలలో ఇది మరీ ఎక్కువ. పైపెంకు కింద డొల్ల ఏర్పడి, లారీ చక్రం పడగానే కుంగుతుంది. రోడ్డుకు అడ్డంగా తవ్విన కందకం కన్నా పొడవునా తవ్వినది ద్విచక్ర వాహనాలకు ప్రమాదకరం. ముందు చక్రం ఆ గాడిలో ఇరుక్కుంటే హ్యాండిల్ తిరగదు. అంచుల్లో రాలిన కంకర మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది.

తవ్వకుండా తీగను కరెంటు స్తంభాల మీద లాగితే ప్రమాదం పైకి చేరుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాలపై ఉన్న ఇంటర్నెట్ కేబుళ్లను కత్తిరించడంతో నగరంలో చాలాచోట్ల నెట్ ఆగిపోయింది. తీగల్ని సకాలంలో కిందికి దించి ఉంటే జనం ప్రాణానికీ నెట్‌కూ మధ్య ఎంచుకోవాల్సిన పరిస్థితి వచ్చేది కాదు.

  

కౌన్సిలర్‌కు తవ్వకాన్ని ఆపమనే అధికారం నేరుగా ఉండదు, కమిషనర్‌ను అడిగే హక్కు ఉంది. అనుమతి పత్రం, రూట్ మ్యాపు, తవ్వే పొడవు, రోడ్డు పునరుద్ధరణకు కంపెనీ నుంచి తీసుకున్న బ్యాంక్ గ్యారంటీ (పని సరిగా చేయకపోతే బ్యాంకు డబ్బు చెల్లిస్తుందనే హామీ), ఈ నాలుగింటి నకళ్లూ పని మొదలయ్యే ముందే తెప్పించుకోవాలి. పూడ్చేటప్పుడు మునిసిపల్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)ని అక్కడ నిలబెట్టాలి. ఒక వానాకాలం గడిచేదాకా గ్యారంటీ వదలకూడదనే షరతు పెట్టించడం అన్నిటికన్నా ముఖ్యం. కుంగుబాటు బయటపడేది అప్పుడే. తవ్వే ముందు 2023 మార్చిలో వచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో సమాచారం పెట్టారా అని కూడా అడగాలి. పెట్టకపోతే ఒక కంపెనీ జేసీబీ ఇంకో కంపెనీ ఫైబర్‌నో, తాగునీటి పైపునో తెంపుతుంది.

కాలనీవాసులు ఫిర్యాదును నోటిమాటగా వదిలేయకూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రోడ్డు ప్రమాదకరంగా ఉందని వాళ్లకు ముందే తెలుసా అన్నది కోర్టు చూసే అంశాల్లో ఒకటి. తేదీ, ఫొటో, గుంత కొలతలతో మునిసిపల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్న అర్జీ ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది.