పనిగంటల వివాదం వెనుక చక్కెర నీళ్ల కథ

కర్ణాటకలో పనిగంటల పెంపు మళ్లీ రచ్చకెక్కింది. 2024 జులైలో ఐటీ ఉద్యోగుల చేత రోజుకు 14 గంటల వరకు పని చేయించుకునే వీలు కల్పించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఉద్యోగుల సంఘం కీటూ వీధికెక్కింది. 2025 జూన్‌లో రోజువారీ పనిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 50 నుంచి 144 గంటలకు పెంచే సవరణ ముందుకొచ్చింది. అదనపు పనికి అదనపు డబ్బు వస్తుందని, అలసట సెలవు రోజుల్లో తీరుతుందని సమర్థకుల వాదన. ఆ డబ్బును, సెలవును ఆస్వాదించే శక్తి మనిషిలో ఎప్పటిలాగే మిగిలి ఉంటుందన్న నమ్మకమే దానికి పునాది.

ఆ నమ్మకాన్ని మొదట కదిలించిన ప్రయోగాల్లో ఒకటి 1987లో లండన్‌లో పాల్ విల్నర్ బృందం చేసింది. ఎలుకలను తీవ్రంగా హింసించకుండా, బోను వంచడం, రాత్రంతా దీపం వెలిగించి ఉంచడం, పరుపు తడపడం వంటి చిన్న చిన్న ఇబ్బందులను వారాల తరబడి మార్చి మార్చి పెట్టారు. అంతకుముందు ఇష్టంగా తాగిన చక్కెర నీళ్లను అవి క్రమంగా తగ్గించేశాయి. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే నెల్లూరు కుర్రాడొకడు నాకు తెలుసు. సంక్రాంతికి వాళ్లమ్మ పంపిన అరిసెల డబ్బా ఉగాది దాకా మంచం కింద మూత తీయకుండానే ఉంది. బాధగా ఉందా అని అడిగితే లేదన్నాడు, తినాలనిపించలేదన్నాడు.

ఎందుకు అనిపించదన్న ప్రశ్నకు నా దృష్టిలో అసలు మలుపు 2012. మెదడులో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగం రివార్డ్ సర్క్యూట్‌కు, అంటే ఇష్టాన్ని, ఆనందాన్ని కలిగించే నాడీ వలయానికి కీలకం. ఒత్తిడి వేళ విడుదలయ్యే సీఆర్‌ఎఫ్ అనే రసాయనం అక్కడ ఉత్సాహంతో ముడిపడిన డోపమైన్ అనే మరో రసాయనాన్ని పెంచుతుందని, ఒత్తిడికి గురికాని చిట్టెలుకలు సీఆర్‌ఎఫ్ అందిన గదినే ఇష్టపడి ఎంచుకుంటాయని జూలియా లెమోస్, పాల్ ఫిలిప్స్ బృందం చూపింది. అంటే మామూలు స్థితిలో కొత్త సవాలు హుషారునే ఇస్తుంది. గడువు దగ్గరపడితే ఉత్సాహం వస్తుందనే మేనేజర్ల మాటలో ఆ మేరకు నిజముంది. కానీ రెండు రోజులు బలవంతంగా ఈదించిన చిట్టెలుకల్లో డోపమైన్ పెరగడం ఆగిపోయింది, అవి అదే గదిని తప్పించుకు తిరిగాయి. ఆ మార్పు కనీసం 90 రోజులు నిలిచింది. చిట్టెలుక లెక్కను మనిషికి యథాతథంగా అన్వయించలేం గానీ, దెబ్బ రెండు రోజులదైనా దాని ఫలితం నెలల పాటు ఉండగలదన్న సంగతిని ఓవర్‌టైమ్ లెక్కలు వేసేవారు పక్కన పెట్టకూడదు.

తిరుగుదారి గురించిన ఒక ఆధారం బెంగళూరులోనే ఉంది. దీర్ఘకాల ఒత్తిడి వల్ల కుంచించుకుపోయిన హిప్పోకాంపస్ (మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన భాగం) నాడీకణాల శాఖలు, మెదడులోని రివార్డ్ కేంద్రాన్ని ఎలుకలు తమంతట తాము ప్రేరేపించుకునే అవకాశం ఇస్తే మళ్లీ విస్తరించాయని, జ్ఞాపకశక్తి కూడా మెరుగుపడిందని 2008లో అక్కడి మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు ప్రచురించారు. అయితే ఆ అవకాశం వాటికి రోజుల తరబడి దొరికింది.

నెల్లూరు కుర్రాడు వేసవిలో పది రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాడు. అయిదో రోజున గానీ తిన్నదాని రుచి తెలియలేదని వాళ్లమ్మతో అన్నాడట.