ఎదుటివారి కంట్లో పడే వెలుగు

సంక్రాంతి ముగించుకుని ఊరి నుంచి కారులో హైదరాబాద్ బయలుదేరిన ఒక రాత్రి, జాతీయ రహదారి ఎక్కేదాకా ఉన్న రెండు వరుసల రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతి బండీ నాకు డిప్పర్ కొట్టింది. నేను డిమ్‌లోనే వెళ్తున్నాను. డ్యాష్‌బోర్డు మీద హైబీమ్ తాలూకు నీలం గుర్తు వెలగడం లేదు. తప్పు డిక్కీలో ఉంది. రెండు బియ్యం బస్తాలు, పిండివంటల డబ్బాలు, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు, ఇంత బరువుకు వెనక భాగం కుంగి కారు ముక్కు పైకి లేచింది, దాంతోపాటు దీపాలూ పైచూపు చూశాయి.

ఎంత లేచాయన్నది చిన్న లెక్కతో తేలుతుంది. డిమ్ వెలుగుకు పైన గీత గీసినట్టుగా ఒక అంచు ఉంటుంది. ఆ అంచు ప్రతి పది మీటర్లకు సుమారు పది సెంటీమీటర్లు కిందికి దిగేలా దీపాన్ని అమరుస్తారు. నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున్న దీపమైతే ఆ అంచు 65 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. కారు ముక్కు ఒక్క డిగ్రీ లేచిందంటే దిగవలసిన అంచు ఎక్కడం మొదలుపెట్టి, వంద మీటర్ల దూరానికి దాదాపు 140 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎదురుకారు నడిపేవారి కళ్లు అంతకన్నా కిందే ఉంటాయి. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. బరువు ఎక్కించినప్పుడు అంకె పెంచితే దీపాలు కిందికి వంగుతాయి. నాలుగేళ్లుగా ఆ కారు నడుపుతున్న నేను ఆ చక్రాన్ని మొదటిసారి తిప్పింది ఆ రాత్రే.

హెడ్‌లైట్ల వెలుగు మితిమీరిపోయిందన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు గాని, నా దృష్టిలో మొదటి తగవు గురితోనే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 112 ప్రకారం, 50 మీటర్ల దూరాన ఎదురొచ్చే డ్రైవరు కంటివైపు డిమ్‌లో ఉన్న ఒక్కో దీపం నుంచి 350 కాండెలాలకు (ఒక దిశలో వెళ్లే వెలుగు తీవ్రతకు కొలత) మించి వెళ్లకూడదు. రెండు దీపాలూ కలిసినా ఆ కంటి మీద పడేది 0.3 లక్స్ (ఒకచోట పడే వెలుగుకు కొలత) లోపే, అంటే పండు వెన్నెలంత. అదే హైబీమ్‌లో ఒక్కో దీపం 40 వేల కాండెలాలతో సూటిగా చూస్తే, అదే దూరంలో అది 32 లక్స్ అవుతుంది. వెన్నెలకు వంద రెట్ల పైమాటే.

అంత వెలుగులో కొంత మన కార్నియాలోనూ కంటి కటకంలోనూ చెదిరి, రెటీనా అంతటా పల్చని తెరలా పరుచుకుంటుంది. రోడ్డు పక్కన నడిచే మనిషి ఆ తెరలో కలిసిపోతాడు. వయసు పెరిగి కటకం మసకబారేకొద్దీ తెర చిక్కబడుతుంది. అయితే చూపుకూ దీపానికీ మధ్య కోణం రెట్టింపైతే ఈ తెర సుమారు నాలుగో వంతుకు పల్చబడుతుంది కాబట్టి, ఎదుటి దీపాన్ని చూడకుండా రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీతను పట్టుకుని పొమ్మనే డ్రైవర్ల మాట శాస్త్రానికి నిలుస్తుంది. రాత్రి డ్రైవింగుకని అమ్మే పసుపు కళ్లజోళ్లు మాత్రం మిరుమిట్లతోపాటు ఆ పాదచారి మీది నుంచి వచ్చే కాస్త వెలుగునూ కోసేస్తాయి.

డిమ్‌కూ హైబీమ్‌కూ కలిపి హెడ్‌లైట్లలో వాడే హాలోజెన్ హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే గాజు లోపల రెండు తీగచుట్లు, వాటిలో ముందున్నదాని కింద గోరంత లోహపు దొప్ప కనిపిస్తాయి. డిమ్‌లో వెలిగేది ఆ ముందు తీగే. దాని వెలుగు రిఫ్లెక్టరు కింది సగం మీద పడితే కిరణాలు పైకి ఎగిరి ఎదుటివారి కళ్లలోకి పోతాయి గనుక, దొప్ప అడ్డుపడి ఆ సగాన్ని చీకట్లో ఉంచుతుంది. ఈ బల్బు తీయించి, అదే సాకెట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టించుకునేవారు ఎందరో. ఎల్‌ఈడీ చిప్పు తీగచుట్ట ఉండవలసిన చోటి నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పుకున్నా వెలుగు అంచు చెదిరిపోతుంది. ముందున్న గోడ మీద తెల్లగా పరుచుకున్న వెలుగును చూసి యజమాని మురిసిపోతాడు. అందులో ఎంత చెట్లకొమ్మలకు పోతోందో చూసుకోడు. ఇక దీపం నడిమధ్యన అంటించే నల్ల బిళ్ల వెలుగును కాస్త తగ్గించగలదే తప్ప, అంచును తేలేదు.

కారు తనంతట తానే హైబీమ్ వేసి తీసే ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1952లోనే ‘ఆట్రానిక్ ఐ’ పేరుతో డ్యాష్‌బోర్డు మీద వెలుగును పసిగట్టే గొట్టం పెట్టింది. ఇప్పుడు ఆ పని ముందు అద్దం వెనకాల, పైభాగంలో ఉండే కెమెరాది. ఎదుట తెల్లని దీపాలో, ముందు వెళ్లే బండి ఎర్రదీపాలో కనిపిస్తే కారు డిమ్‌కు దిగుతుంది. ఇంకా ఖరీదైన కార్లలో వరుసగా పేర్చిన ఎల్‌ఈడీల్లో ఎదుటి బండి మీద పడేవి మాత్రమే ఆరిపోతాయి. ఇలాంటి దీపాలకు అమెరికా 2022లో గాని అనుమతి ఇవ్వలేదు.

ఈ కెమెరా ప్రధానంగా వెతికేది దీపాలను. దీపం లేని సైకిలు, ఎద్దులబండి, కాలినడకన పోయేవాడు దాని లెక్కలోకి రాకపోవచ్చు. మన నాలుగు వరుసల రహదారుల మీద ఇంకో చిక్కుంది. డివైడరు మీద గన్నేరు మొక్కలు నడుమెత్తు పెరిగిన చోట ఎదురు లారీ హెడ్‌లైట్లు వాటి వెనక దాక్కుంటాయి, లారీ డ్రైవరు కళ్లు మాత్రం మొక్కలకు పైన ఉంటాయి. కెమెరాకు ఎదుట ఎవరూ లేనట్టే, కాబట్టి హైబీమ్ తగ్గదు. అందుకే అలాంటి రోడ్డు ఎక్కగానే నేను ఆటో మీట ఆపేస్తాను. మొక్కల మీదుగా లారీ క్యాబిన్ నెత్తిన చిన్న రంగుదీపాల వరుస కదులుతూ కనిపిస్తే, చేత్తోనే డిమ్‌కు దించుతాను.