గ్రంథాలయంలో సభ ఎందుకు ఆగిపోయింది

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు, గ్రంథాలయ వారోత్సవం పేరిట, మన శాఖా గ్రంథాలయాల్లో కాస్త సందడి కనిపిస్తుంది. పిల్లలకు వ్యాసరచన పోటీలు, ఆడవాళ్లకు ముగ్గుల పోటీలు, ఒక కవి సమ్మేళనం, చివరి రోజు శాలువాలు, జ్ఞాపికలు. ఇరవై ఒకటో తేదీకి బ్యానరు దిగిపోతుంది. మిగతా ఏడాదంతా పొద్దున పత్రికలు తిరగేసే పెద్దమనుషులు, పగలు పోటీ పరీక్షల అభ్యర్థులు తప్ప మరో అలికిడి ఉండదు. పదిమంది కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకోవాలన్నా, చదువురాని మనిషి అక్షరాలు దిద్దుకోవాలన్నా ఆ గదుల్లో చోటు దొరకదు. గ్రంథాలయంలో పుస్తక చర్చలు పెట్టాలనో, వయసు మళ్లినవారికి ఫోను వాడకం నేర్పాలనో ఎవరైనా అడిగితే, అదేదో అమెరికా నుంచి దిగిన ముచ్చటలా చూస్తారు. నిజానికి తెలుగునాట గ్రంథాలయం ఎదిగింది పెద్దల కోసం, వారి సభల కోసం. పుస్తకాల బీరువా ఆ సభకు ఒక సాకు అన్నా పెద్ద తప్పు లేదు.

విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి 1886లో నెలకొల్పిన సరస్వతీ నిలయాన్ని మన తొలి పౌర గ్రంథాలయంగా చెబుతారు. అయితే సభ సంగతి తెలియాలంటే హైదరాబాదు వెళ్లాలి. 1901 సెప్టెంబరు 1న రామకోటిలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఆయనకు తోడు నిలిచారు. కచేరీల్లో ఉర్దూ, బడుల్లో ఉర్దూ రాజ్యమేలుతున్న కాలమది. తెలుగు చదవడానికి, తెలుగులో మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఆ అవసరం నుంచే పుట్టాయి.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ ఆవరణలో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘం పెట్టుకున్న పనుల్లో ఊరూరా గ్రంథాలయాలు, పఠనమందిరాలు స్థాపించడం ముఖ్యమైనది. పుస్తకాల మీద ప్రేమ ఒక్కటే దీనికి కారణం అనుకుంటే కథ సగమే అర్థమవుతుంది. 1920ల్లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో నిజాం ప్రభుత్వం బహిరంగ సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. నలుగురు కూడితే అనుమానించే రాజ్యంలో గ్రంథాలయ వార్షికోత్సవం అనేది కూడడానికి ఒక మర్యాదైన దారి. అధికారులు అమాయకులేమీ కారు. గ్రంథాలయం పెట్టడానికి ఎవరి అనుమతి తీసుకున్నారని నిలదీసినవారూ ఉన్నారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఆ సభకు కావలసిన మనుషులను తయారు చేసినవాటిలో ఈ చిన్న చిన్న పఠనమందిరాలకు పెద్ద పాలే ఉంది. ఇళ్లలో, హోటళ్లలో పనిచేస్తూ చదువుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగాడు. పాఠకుడు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే కాళ్లు కట్టుకుని బయలుదేరడం ఆనాటి పద్ధతి.

బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాల్లో కథ మరో దారిన నడిచింది. 1907లో బిపిన్ చంద్రపాల్ కోస్తా పట్టణాల్లో చేసిన ప్రసంగాలు విని కదిలిన యువకుల్లో అయ్యంకి వెంకటరమణయ్య ఒకరు. వందేమాతరం వేడి చల్లారాక చాలామంది ఇళ్లకు పోయారు. ఆయన గ్రంథాలయాలు పట్టుకున్నారు. 1914 ఏప్రిల్ 10న విజయవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. కొద్దికాలానికే ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక వచ్చింది. 1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి పూనికతో అఖిల భారత స్థాయిలో పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా సంస్థానంలో గ్రంథాలయాలు చూసే కుదాల్కర్ దానికి అధ్యక్షుడు. 1968 నుంచి దేశమంతా జరుపుకుంటున్న గ్రంథాలయ వారోత్సవం ఆ తేదీనే మొదలవుతుంది. శాలువాలు కప్పే వేదికల మీద ఈ సంగతి ఎంతమందికి గుర్తుంటుందో చెప్పలేను.

ఆ ఉద్యమంలో పుస్తకాలు అరువివ్వడం ఒక చిన్న భాగం. అక్షరం రాని రైతు, కూలీ, గృహిణి వినడానికి హరికథలు, బుర్రకథలు, భజనలు ఉండేవి. మేజిక్ లాంతరు బొమ్మలతో ఆరోగ్యం గురించి, వ్యవసాయం గురించి చెప్పేవారు. పొలం పని ముగించుకుని వచ్చినవారికి రాత్రి బడులు నడిచేవి. పత్రిక రాగానే ఒకరు గట్టిగా చదివితే చుట్టూ చేరినవారు వినేవారు. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరుతో జట్టుగా బయలుదేరి, పాటలు పాడుతూ, దారిలో ప్రతి ఊరిలోనూ ఆగి సభ పెట్టి, అప్పటికప్పుడు ఒక పఠనమందిరానికి పునాది వేయించి కదిలేవారు. కర్నూలు సీమకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లివచ్చిన మనిషి. ఆయన గ్రంథాలయ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షుడిగా ఉండి, వయోజన విద్యను ఉద్యమానికి వెన్నెముక చేశారు. చదవలేనివాడికి గ్రంథాలయం ఏం చేస్తుంది అన్న ప్రశ్నకు ఆనాటివారి జవాబు సూటిగా ఉండేది: చదవడం నేర్పుతుంది, అంతదాకా చదివి వినిపిస్తుంది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చేది పడవ గ్రంథాలయం. కృష్ణా డెల్టాలో అప్పటికి రోడ్లు తక్కువ, కాలువలు ఎక్కువ. ఊరి నుంచి ఊరికి వెళ్లే మనిషి గంటల తరబడి పడవలో కూర్చోవలసిందే. గుంటూరు జిల్లా పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం ఆ ఖాళీ సమయం మీద కన్నేశారు. 1935లో ప్రయాణికుల పడవల్లో పుస్తకాలు పెట్టించారు. ఆయన ఎవరినీ గ్రంథాలయానికి రమ్మని బతిమాలలేదు. పెద్దవాళ్లకు తీరిక ఎక్కడ ఉంటుందో చూసి పుస్తకాన్ని అక్కడికి పంపారు. నాలుగేళ్ల ముందే తమిళదేశంలో మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద పుస్తకాలు తిప్పారు. ఆలోచన ఒకటే, వాహనం మాత్రం నేలను బట్టి మారింది.

ఈ వైభవాన్ని మరీ మెరుగు పెట్టి చెప్పుకోనక్కరలేదు. అరుగు మీద మొదలైన గ్రంథాలయంలోకి ఎవరు రాగలిగేవారో ఆ అరుగు ఎవరిదన్నదే తేల్చేది. 1914లో గ్రంథాలయ సభ జరిగిన విజయవాడలోనే 1917లో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్రుల మహాసభ జరిగింది. అంటరానివారు కొండెక్కుతారేమోనన్న భయంతో ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూశారు. ఆ వాతావరణంలో పఠనమందిరం తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకుని ఉంటాయని నమ్మడం కష్టం. భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా తన వాళ్లలో చైతన్యం తెచ్చే పని మొదలుపెట్టారు. అంటే పెద్దల చదువు ఉద్యమం గ్రంథాలయాల బయట కూడా, వాటితో నిమిత్తం లేకుండా నడిచింది. మన గ్రంథాలయ చరిత్రలు ఈ పాయను సాధారణంగా వదిలేస్తాయి.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలు వచ్చాయి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో మొదటిదిగా వెలువడింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టం చేసుకుంది. ఈ రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేశారు. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద కేంద్ర గ్రంథాలయం, శాఖలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఏర్పడ్డాయి. ఖర్చుకు ఇంటి పన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ పన్ను ఉంది. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఉద్యమం నడిపినవారు ఏళ్ల తరబడి అడిగిందే ఇది. అయ్యంకి, గాడిచర్ల, పాతూరి కలగన్న రోజు వచ్చింది.

సభ ఆగిపోవడానికి దారి తీసింది కూడా ఆ రోజే. 1948 చట్టం గ్రంథాలయ సంస్థల అధికారాల జాబితాలో ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం, తరగతులు నడపడం కూడా పెట్టింది. ఉమ్మడి రాష్ట్ర చట్టం ఆ నమూనా మీదే నడిచింది. అయితే అవి అధికారాలు. చేయవచ్చు, చేయకపోయినా అడిగేవారు లేరు. పుస్తకాల దాఖలా పుస్తకం, అరువు పుస్తకం, పాఠకుల సంతకాల రిజిస్టరు మాత్రం తనిఖీకి వచ్చిన అధికారి చూస్తాడు. ఉద్యోగి ఏ పనికి లెక్క చెప్పాలో ఆ పనే చేస్తాడు, అందులో అతని తప్పు లేదు. ఒకప్పుడు కార్యదర్శి ఊరివాడు. సభ పెట్టకపోతే మర్నాడు రచ్చబండ దగ్గర జవాబు చెప్పుకోవాలి. కొత్త ఏర్పాటులో గ్రంథాలయాధికారి బదిలీ మీద వచ్చి పోయే మనిషి, సంస్థ అధ్యక్ష పదవి పార్టీవారికి పంచే నామినేటెడ్ పదవుల్లో ఒకటి అయింది.

రెండో దెబ్బ శాఖల పంపకంలో పడింది. 1952లో సమాజ అభివృద్ధి పథకం మొదలైనప్పుడు పెద్దల చదువు, పంచాయతీ రేడియో, యువజన సంఘాలు, మహిళా మండలులు బ్లాకు ఆఫీసుకు వెళ్లాయి. సామాజిక విద్యకు వేరే ఉద్యోగులు వచ్చారు. పుస్తకం ఒక శాఖది, దాన్ని చదవవలసిన కొత్త అక్షరాస్యుడు మరో శాఖవాడు. ఇలా ఉండనక్కరలేదని అదే రోజుల్లో ఢిల్లీ చూపించింది. 1951లో యునెస్కో సాయంతో తెరిచిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలతో పాటు నాటకం జట్టు, చర్చా బృందం, సినిమా ప్రదర్శనలు ఒకే కప్పు కింద పెట్టారు. ప్రపంచానికి దాన్ని కొత్త ప్రయోగంగా చూపించారు. పడవ గ్రంథాలయం నడిచిన కొల్లిపర, వేటపాలెం వైపు పాత కార్యకర్తలు ఆ వార్త చదివి నవ్వుకుని ఉంటే ఆశ్చర్యపోను. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టి, 1929లో గాంధీ చేత కొత్త భవనానికి శంకుస్థాపన చేయించుకున్న సంస్థ మరి.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చాక పెద్దల చదువు మళ్లీ ఉద్యమమైంది. ఈసారి గ్రంథాలయ శాఖ ప్రేక్షకురాలు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం 1990ల మొదట్లో ఎంత దూరం వెళ్లిందో తెలిసిందే. రాత్రి కేంద్రాల్లో కూడిన ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివి అక్కడే ఆగలేదు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివారు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. పెద్దవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చదివిస్తే ఏం జరుగుతుందో ఇంతకంటే పెద్ద రుజువు మన దగ్గర లేదు. ఆ వేడిని నిలిపే చోటు మాత్రం మిగల్లేదు. జన శిక్షణ నిలయాలు, నిరంతర విద్యా కేంద్రాలు, 2009లో వచ్చిన సాక్షర భారత్ కింద వయోజన విద్యా కేంద్రాలు ఒకదాని తరువాత ఒకటి పుట్టి, పథకం గడువు తీరగానే మూతపడ్డాయి. సాక్షర భారత్ 2018 మార్చితో ఆగింది. గ్రామ సమన్వయకర్తలు రోడ్డున పడ్డారు. ఆ కేంద్రాలకు కొన్న పత్రికలు, పుస్తకాలు, అదే ఊరిలో ఉన్న గ్రంథాలయానికి ఒక ఏర్పాటుగా చేరి ఉంటే కనీసం బీరువా అయినా మిగిలేది.

పన్ను సంగతి అందరికీ తెలిసిన బాధే. రూపాయికి 8 పైసలు జనం కడుతూనే ఉన్నారు. పంచాయతీలు, పురపాలక సంస్థలు, ముఖ్యంగా పెద్ద నగరపాలక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా ఏళ్ల తరబడి తమ ఖర్చులకు వాడుకుంటాయి. జీతాలకు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, సరే. పుస్తకాలు, కరెంటు, అద్దె పోగా ఉపన్యాసకుడికి దారి ఖర్చులు ఇచ్చేందుకు కూడా మిగలదు. ఖాళీ ఉద్యోగాల్లో మనుషులను తీసుకోరు. ఒక్కరే రెండు మూడు శాఖలు చూస్తుంటే సాయంత్రం సభ నడపమని ఆ మనిషిని ఏ నోటితో అడుగుతాం?

ఈ లోటును తమకు తెలియకుండానే పూడ్చినవారు పోటీ పరీక్షల అభ్యర్థులు. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్తే తెల్లవారుజాము నుంచి కుర్చీల కోసం పోటీ కనిపిస్తుంది. వారు చదివేది గ్రంథాలయ పుస్తకం కాదు, సొంత నోట్సు. అందుకని వారిని తప్పుపట్టే గ్రంథాలయ ప్రియులు చాలామంది ఉన్నారు. నాకా కోపం లేదు. ఇరవై అయిదేళ్ల నిరుద్యోగి కూడా పెద్దవాడే. అతనికి కావలసింది ఫ్యాను, బల్ల, తోటివారితో చర్చ. నోటిఫికేషన్లు ఆలస్యమైనప్పుడు నిరసనలకు అభ్యర్థులు గుమికూడింది కూడా ఆ గ్రంథాలయం దగ్గరే. అధికారికంగా ఒక్క వయోజన కార్యక్రమం లేని చోట రాష్ట్ర రాజకీయాలను కుదిపే చర్చలు జరిగాయి.

మిగిలినవారి సంగతి వేళలు చెబుతాయి. చాలా శాఖలు ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు, శుక్రవారం సెలవు. కూలి మనిషి, దుకాణంలో పనిచేసేవాడు, ఆఫీసు నుంచి వచ్చే మహిళ ఇల్లు చేరేది ఏడు దాటాకే. రాత్రి బడులు నడిపిన కాలంలో గ్రంథాలయం అసలు పని మొదలయ్యేది ఆ వేళకే. వయోజన కార్యక్రమాలు తిరిగి రావాలని కోరేవారు కొత్త పథకం అడగడానికి ముందు అడగవలసినవి రెండు: వారానికి కనీసం రెండు రాత్రులు తలుపు తెరిచి ఉంచే ఉత్తర్వు, ఆ రాత్రులకు ఒక మనిషి జీతం. రెండో దానికి డబ్బు ఇప్పటికే ఇంటి పన్ను రసీదుల్లో ఉంది.